భరణి దాటిన మూడు నిమిషాలు

గోపాలస్వామి వాచీ తప్పు చూపిస్తుందని ఆయన ముఖం మీద అన్న మనిషి మదనపల్లె టమోటా మార్కెట్టులో ఇంతవరకూ లేడు. రోజూ పొద్దున రేడియోలో వార్తలకు ముందు వచ్చే కీ కీ మోతకు ముల్లు సరిపెట్టి, ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని విని, ఆ తర్వాతే కాఫీ గ్లాసు అందుకునేవాడు. మండీలో వేలం పాట ఆయన వాచీ చూసి మొదలయ్యేది. ఇంట్లో అన్నం ఆయన వాచీ చూసి ఉడికేది. ముప్పై ఐదేళ్ళ కాపురంలో భార్య యశోదమ్మ ఒక్కసారైనా "టైమెంత?" అని అడిగి ఎరగదు. అడగకుండానే ఆయన చెప్తూ ఉండేవాడు.

అలాంటి మనిషికి మొదటి మనవడు భాను పుట్టినప్పుడు, మదనపల్లెలో కాన్పు చేసిన నర్సు పుట్టిన టైము అడిగితే "ఏడూ ఇరవై అట్లుంటాది సార్" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ 'అట్లుంటాది' ఆయన్ని నెల రోజులు నిద్రపోనివ్వలేదు. ఏడూ పద్దెనిమిదికి ఒక జాతకం, ఏడూ ఇరవైకి ఒకటి, ఏడూ ఇరవై మూడుకు ఒకటి రాయించాడు. మొదటిదాంట్లో పిల్లాడు కలెక్టరు, రెండోదాంట్లో సన్యాసి, మూడోదాంట్లో ఇద్దరు పెళ్ళాలు. ఆ మూడు కాగితాలూ పట్టుకుని గోపాలస్వామి రోజూ పొద్దున ఆ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. వచ్చే పోయే గర్భిణులందరికీ, "అమ్మా, ఈడ టైము సరిగ్గా సెప్పరు, జాగర్త" అని హెచ్చరించేవాడు. ఆసుపత్రి డాక్టరమ్మ చివరికి దండం పెట్టి పంపించింది.

అందుకే కోడలు దీపకు రెండో కాన్పు పుంగనూరులో జరగాలని ఆయనే తీర్మానించాడు. పుంగనూరు దీప పుట్టినూరు. తల్లి పోయిన పిల్ల కాబట్టి పుట్టింటి బాధ్యత చూసుకునేది చిన్నమ్మ తులసమ్మ. తులసమ్మ అదే ఊళ్ళో డాక్టరు దేవరాజులు ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళుగా నర్సు. సొంత మనిషి ఉంటే టైము నిమిషంతో సహా తెలుస్తుందని గోపాలస్వామి లెక్క.

దీప లెక్క వేరు. ఏడో నెలలో పుంగనూరు వచ్చిన రోజే, పెట్టె దించకముందే చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది.

"సిన్నమ్మా, ఈ బిడ్డకన్నా వొంట్లో రక్తం ఉండాల. భాను మాదిరి కాకూడదు."

భాను కథ తులసమ్మకు తెలుసు. పిల్లాడు పుట్టిన మూడో నెల నుంచీ రంగు తిరిగాడు. అప్పటిదాకా గోధుమ రంగులో ఉన్నవాడు రోజురోజుకూ తెల్లబడ్డాడు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంబరపడింది యశోదమ్మ. ఆమె పుట్టింటివాళ్ళు వాల్మీకిపురంలో పచ్చని ఛాయకు పేరుపడ్డవాళ్ళు. తనకు గానీ తన కొడుక్కి గానీ రాని ఆ ఛాయ మనవడికి వచ్చిందని ఆమె వీధి వీధీ తిప్పి చూపించింది. "మా నాయన రంగు. సూడండి, సెవులు గూడా తెల్లంగా ఎట్లుండాయో!" అని వాడి చెవులు మడిచి మరీ చూపించింది. దిష్టి తగులుతుందని బుగ్గన, నుదుటన, అరికాలిన కాటుక చుక్కలు పెట్టింది. పిల్లాడు ఏడవడం లేదని, ఎప్పుడూ నిద్రపోతున్నాడని, అదీ తన నాయన గుణమేనని మురిసింది.

ఐదో నెలలో దగ్గుకని తీసుకుపోతే డాక్టరు పిల్లాడి కింది కనురెప్ప లాగి చూశాడు. లోపల సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆ సాయంత్రమే తిరుపతికి పరిగెత్తారు. వాడికి రక్తం ఎక్కిస్తున్నంతసేపూ సూది కదలకుండా ఆ చిట్టిచెయ్యి పట్టుకుని కూర్చున్నది యశోదమ్మే. సీసా సగమయ్యేసరికి మనవడు మళ్ళీ గోధుమ రంగుకు వచ్చాడు. ఆమె ఆ తర్వాత ఎవరి రంగు గురించీ మాట్లాడలేదు. కానీ ఒక కొత్త అలవాటు పట్టుకుంది. ఏ పసిబిడ్డ కనబడినా ముందు కింది రెప్ప లాగి చూసేది. పెళ్ళిళ్ళలో కూడా.

"నీకు రక్తం తక్కువగా ఉండింది, బిడ్డకూ తక్కువైందని గదా అన్నారు?" అంది తులసమ్మ.

"అన్నారు. ఇప్పుడు మాత్రలు మింగతానే ఉండా. అయినా నాకు భయంగా ఉండాది. ఇంకేమన్నా సేసేది ఉండాదా?"

చేసేది ఒకటుందని తులసమ్మకు తెలుసు. అది తన చేతిలో లేదని కూడా తెలుసు.

తులసమ్మ అత్త మారెమ్మ పెద్దతిప్పసముద్రం వైపు పల్లెల్లో పేరున్న మంత్రసాని. బిడ్డ పడ్డాక కొడవలి ముట్టుకునేది కాదు. బొడ్డుపేగు మీద రెండు వేళ్ళు పెట్టి, వక్కాకు నములుతూ కూర్చునేది. కప్ప గొంతు కొట్టుకున్నట్టు ఆ పేగు కొట్టుకుంటూ ఉంటే, "ఇంగా పోస్తాండాదిలే, పోయనీ. బిడ్డ సొత్తు బిడ్డకు సేరనీ" అనేది. అది చల్లబడి, తెల్లబడి, మెత్తబడ్డాకే కట్టి కోసేది. నర్సు చదువు చదివిన తులసమ్మ అప్పట్లో దాన్ని పాతకాలపు చాదస్తం అనుకుంది. నిరుడు కుప్పంలో నర్సులకు రెండు రోజుల శిక్షణ జరిగితే, పావని అనే చిన్నవయసు డాక్టరమ్మ అదే మాట బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. ఏడుస్తూ బాగా పుట్టిన బిడ్డకయితే రెండు మూడు నిమిషాలు ఆగి క్లిప్పు వేస్తే, మాయలో మిగిలిపోయే రక్తం బిడ్డలోకి పోతుందట. అందులోని ఇనుము ఐదారు నెలల దాకా ఆ బిడ్డను కాపాడుతుందట. రాసుకుంటూ రాసుకుంటూ తులసమ్మ పోయిన అత్తకు మనసులోనే క్షమాపణ చెప్పుకుంది.

దేవరాజులు డాక్టరుకు చెప్పి చూసింది. ఆయన మంచివాడే. చెయ్యి మాత్రం మహా వేగం. బిడ్డ బయటపడటం, క్లిప్పు పడటం, కత్తెర పడటం మూడూ ఒకే చప్పుడులా వినిపించేవి. అది ఆయనకు గొప్ప.

"తులసమ్మా, మద్రాసులో మా ప్రొఫెసరు నేర్పించింది ఇది. ముప్పై ఏండ్లుగా ఇట్లే సేస్తాండా. ఆలస్యం సేసి బిడ్డకు కామెర్లొస్తే, కుప్పం నుంచి ఆ పాప వచ్చి జవాబు సెప్తాదా?"

"మూడు నిమిషాలే గదా సార్."

"మూడు నిమిషాల్లో నేను ఇంగో కాన్పు సేస్తా."

డాక్టరు మాట వినడు. వినిపించగలిగిన మనిషి ఎవరా అని తులసమ్మ వారం రోజులు ఆలోచించింది. తొమ్మిదో నెలలో కోడల్ని చూడ్డానికి గోపాలస్వామి వచ్చి, వరండాలో కూర్చుని వాచీకి తాళం తిప్పుతుంటే, ఆమెకు దారి దొరికింది. కాఫీ ఇచ్చి, గుంజకు ఆనుకుని అమాయకంగా అడిగింది.

"అన్నా, ఒగ అనుమానం. పుట్టిన టైము అంటే ఏ టైము సెప్పమంటారు?"

"పుట్టిన టైమంటే పుట్టిన టైమే గదమ్మా!"

"అదే అడగతాండా. తల కనబడిన టైమా? మొత్తం బయటికొచ్చిన టైమా? ఏడ్సిన టైమా? బొడ్డు కోసిన టైమా? ఒగోదానికీ మధ్య నిమిషాలుంటాయన్నా. మళ్ళీ మూడు జాతకాలు రాయించేది యాల?"

గోపాలస్వామి చేతిలో కాఫీ అలాగే ఉండిపోయింది. యాభై ఎనిమిదేళ్ళ వయసు దాకా వాచీని నమ్మిన మనిషికి, ఏ క్షణాన వాచీ చూడాలో తెలియదని ఆ రోజే తెలిసింది. ఆ కాఫీ చల్లారకముందే వాల్మీకిపురం బస్సెక్కాడు. అక్కడ శంకరప్ప ఉన్నాడు. మూడు తాలూకాలకు జాతకాలు రాసే మనిషి.

మరునాడే తిరిగొచ్చి తీర్పు చెప్పాడు. "బొడ్డు కోసిందే టైమంట. కోసేదాకా తల్లీ బిడ్డా ఒగటే ప్రాణమంట. పురిటిమైల గూడా కోసినంక గదా అంటుకునేది అన్నాడు శంకరప్ప. నిజమే గదా!"

"నిజమే అన్నా. అయితే మా డాక్టరు సెయ్యి మహా తొందర. మీరే ఒగ మాట సెప్పండి. మీరు వాచీ సూసి సెప్పినాకనే కొయ్యమనండి."

గోపాలస్వామి తిన్నగా డాక్టరు గదిలోకి పోయి, తాను బయట నిలబడి "కొయ్యండి" అంటే తప్ప కత్తెర పడకూడదని ఆజ్ఞాపించాడు.

"ఇది కాన్పు గదా, పెండ్లి మండపమా?" అన్నాడు దేవరాజులు. "గట్టిమేళం గూడా పెట్టిస్తారా?"

"మీరు ఒప్పుకోకుంటే ఏమీ లేదు డాక్టరుగారూ. మీ వరండాలో బెంచీ ఉండాది గదా. నేను ఆడ కూసుంటా."

మదనపల్లె బెంచీ కథ పుంగనూరు దాకా వచ్చి ఉంది. డాక్టరు ఒప్పుకున్నాడు.

తులసమ్మ లోలోపల నవ్వుకుంది. ముహూర్తం అంటూ ఒకటి వచ్చి పడితే ఎక్కడైనా ఆలస్యమే. ఈయన పంచాంగం తీసి, కళ్ళజోడు వెతికి, వాచీ చూసి "కొయ్యండి" అనేసరికి మూడు కాదు, ఐదు నిమిషాలవుతాయి. తొందరపడి వచ్చిన ముహూర్తాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

దీపకు కావళ్ళ పండగ ఆడికృత్తిక నాడు తెల్లవారుజామున నొప్పులు వచ్చాయి. పసుపు బట్టలు కట్టుకున్నవాళ్ళు పూల కావళ్ళు భుజాన పెట్టుకుని "హరోం హర" అంటూ వీధిలో పోతున్నారు. కబురంది మొదటి బస్సుకు దిగిన గోపాలస్వామి, యశోదమ్మ ఆ గుంపు మధ్యలోంచే వచ్చారు. ఆయన చంకలో పంచాంగం.

"నిన్నటి నుంచీ భరణి నడస్తాండాది," అన్నాడు తులసమ్మతో. "భరణిలో పుడితే ధరణి ఏలుతారని మా నాయన అంటా ఉండె. పదకొండూ పద్దెనిమిదికి భరణి అయిపోయి కృత్తిక వస్తాది. మాకు కృత్తిక వద్దు. కత్తి మాదిరి నక్షత్రం. పద్దెనిమిదికి ముందే కోసెయ్యాల."

తులసమ్మ గోడ గడియారం చూసింది. ఏడున్నర. ఇంకా చాలా టైముందిలే అనుకుంది. రెండో కాన్పు. తొమ్మిదికల్లా అయిపోతుంది.

తొమ్మిది అయింది. పదయింది. బిడ్డ తీరిగ్గా వస్తోంది. లోపల దీప పక్కన యశోదమ్మ ఉంది. బయట ఆకుపచ్చ కర్టెన్ అవతల గోపాలస్వామి ప్రతి ఐదు నిమిషాలకూ టైము చెప్తున్నాడు.

"పదిన్నర!"

"తెలుసులేయ్యా," అంది యశోదమ్మ కర్టెన్ వైపు చూసి. "కనేదానికి గూడా నీ వాచీ సూసుకుంటాదా?"

పదకొండు దాటాక దేవరాజులు చేతులకు గ్లౌజులు తొడిగాడు. తులసమ్మ ట్రే సర్దింది. రెండు క్లిప్పులు, ఒక కత్తెర. ఇంకో జత పక్క గదిలో స్టవ్వు మీద నీళ్ళలో మరుగుతోంది. ఆమె కళ్ళు మాటిమాటికీ గడియారం మీదికి పోతున్నాయి. ముల్లు పదిహేను దాటింది. ఇంకొక్క మూడు నిమిషాలు ఆగి పుట్టమ్మా, నీ పుణ్యముంటుంది, అని ఆమె బిడ్డను మనసులో బతిమాలింది. పద్దెనిమిది దాటాక పుడితే ఇక భరణి పోయిందని గోపాలస్వామి బయట కూలబడతాడు. కొయ్యమని అడిగేవాడు ఉండడు.

బిడ్డ ఎవరి మాటా వినలేదు. పదకొండూ పదహారుకు పుట్టింది. ఆడపిల్ల. పుడుతూనే కావళ్ళవాళ్ళను మించి అరిచింది. తులసమ్మ తుడిచి, తల్లి పొట్ట మీద పెట్టి గుడ్డ కప్పింది.

"పదహారు!" కర్టెన్ అవతల గోపాలస్వామి గొంతు. "ఇంగా రెండు నిమిషాలుండాది! కొయ్యండి, కొయ్యండి!"

దేవరాజులు ముఖం వెలిగిపోయింది. ముప్పై ఏళ్ళలో ఒక ముహూర్తం ఆయన చేతి వేగానికి సరిపడా రావడం ఇదే మొదటిసారి.

"విన్నావా తులసమ్మా? మీ అన్నే సెప్పినాడు. క్లిప్పు," అని చెయ్యి చాచాడు.

తన ఉచ్చు తన కాలికే తగిలిందని తులసమ్మకు తెలిసింది. దీప తల తిప్పి చిన్నమ్మ వైపు చూసింది. మాట్లాడే ఓపిక ఆ పిల్లకు లేదు. బొడ్డుపేగు లావుగా, నీలంగా, మెలికలు తిరిగి, ఇంకా కొట్టుకుంటోంది.

తులసమ్మ ట్రే అందుకుంది. రెండడుగులు వేసింది. మూడో అడుగుకు ట్రే చేతిలోంచి జారి నేల మీద పడింది. స్టీలు ట్రే, కత్తెర, రెండు క్లిప్పులు సిమెంటు గచ్చు మీద పడి మోగిన మోతకు వీధిలో కావడి మేళం కూడా ఒక్క క్షణం ఆగినట్టయింది.

"తులసమ్మా!" అని అరిచాడు దేవరాజులు. "పద్దెనిమిదేండ్లలో ఒగసారన్నా..."

"సెయ్యి జారింది సార్. కింద పడినవి వాడకూడదు గదా. ఇంగో జత మరగతాండాది. తెస్తా."

"పరిగెత్తు!"

"ఎట్ల పరిగెత్తేది సార్, నేలంతా తడి."

"ఏంది ఆ సప్పుడు?" బయట గోపాలస్వామి. "కోసినారా? పదిహేడు! పదిహేడైపాయ! ఏమి సేస్తాండారు లోపల?" కర్టెన్ మీద ఆయన చెయ్యి పడింది. గుడ్డ కదిలింది. ఆయన ఒక్కడుగు లోపలికి పెడితే చాలు, అతుక్కుని ఉన్న తల్లీ బిడ్డా కనబడతారు. ఇక డాక్టరు గ్లౌజు వేళ్ళతోనే తుంచమంటాడు.

అప్పుడు యశోదమ్మ లేచింది. కోడలి చెయ్యి వదలకుండానే కర్టెన్ వైపు తిరిగి గొంతెత్తింది.

"కోసేసినారయ్యా! యాల అట్ల అరుస్తావు? లోపలికి రావద్దు, ఆడోళ్ళుండారు!"

"కోసినారా? ఎన్నింటికి?"

"నీ సేతిలోనే ఉండాది గదా వాచీ, నన్నడగతావా? సూసుకో!"

"పదకొండూ పదిహేడు!" గోపాలస్వామి కేక పెట్టాడు. "భరణి! ధరణి ఏలతాడు నా మనవడు!"

"ఏలతాడు కాదు, ఏలతాది. ఆడబిడ్డ. పోయి కాఫీ తాగు!"

అడుగుల చప్పుడు వరండా దాటి పోయింది. పక్క గది గుమ్మంలో తులసమ్మ పట్టుకారు చేతబట్టి నిలబడిపోయింది. యశోదమ్మ ఆమె వైపు చూసింది. ముప్పై ఐదేళ్ళలో ఆ వాచీకి ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. ముఖంలో భయమేమీ లేదు, కొంచెం ఎర్రబడింది అంతే.

"యాల సూస్తావు వదినే," అంది మెల్లగా. "నేను వచ్చినప్పుడంతా మీ అమ్మాయి, నువ్వు వంటింట్లో గుసగుసలాడేది నాకు వినబడదనుకుంటిరా? ఎంతసేపు ఆగాల?"

"మూడు నిమిషాలు."

"ఆగండి. ఆ పిల్లోని సెయ్యి పట్టుకోని నేను నాలుగు గంటలు కూసున్నా తిరుపతిలో. ఈ మూడు నిమిషాలకేమి?"

దేవరాజులు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. బయటికి పోయి "ఇంకా కొయ్యలేదు" అని చెప్పొచ్చు. చెప్తే వరండాలో బెంచీ ఎదురుచూస్తోంది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చేసేది లేక బొడ్డుపేగు మీద రెండు వేళ్ళు పెట్టాడు.

"ఇంగా కొట్టుకుంటాండాదే," అన్నాడు కాసేపటికి, తనలో తాను. ముప్పై ఏళ్ళుగా కోస్తున్నాడు గానీ, కొయ్యకుండా ఎప్పుడూ చూడలేదు. ఆ పేగు మెలమెల్లగా నెమ్మదించింది. నీలం తగ్గింది. చివరికి ఉతికి ఆరేసిన నాడాలాగా తెల్లగా, మెత్తగా వాలిపోయింది. బిడ్డ ఏడుపు మాని, పిడికిలి నోట్లో పెట్టుకుని చుట్టూ చూస్తోంది. ఒళ్ళంతా ఎర్రమందారంలా ఉంది.

తులసమ్మ తెచ్చిన క్లిప్పు వేసి, కత్తెర పెట్టేటప్పటికి గోడ గడియారం పదకొండూ ఇరవై ఒకటి.

"గట్టిమేళం బాగానే వాయిస్తివి తులసమ్మా," అన్నాడు దేవరాజులు, నేల మీద ట్రే వైపు చూసి.

మూడో రోజు బిడ్డ కళ్ళలో కొంచెం పసుపు కనబడింది. దేవరాజులు "సెప్పినానా లేదా?" అని వార్డంతా తిరిగి చెప్పుకున్నాడు. రోజుకు రెండుసార్లు వచ్చి స్వయంగా చూశాడు, పాలు తరచుగా పట్టించమన్నాడు. పదో రోజుకల్లా ఆ పసుపు పోయింది. ఆ తర్వాత ఆయన ఆ సంగతి ఎత్తలేదు. కానీ తర్వాతి వారం ఇంకో కాన్పుకు, బిడ్డ పుట్టగానే ఆయన చెయ్యి చాచి మధ్యలో ఆపేశాడు.

"ట్రే గట్టిగా పట్టుకునుండావా తులసమ్మా?"

"పట్టుకునుండా సార్."

"పడేసేదుంటే ఇప్పుడే పడెయ్యి. లేదంటే నేనే కూసుంటా," అని స్టూలు లాక్కున్నాడు.

పాపకు హరిత అని పేరు పెట్టారు. ఐదో నెలలో అన్నప్రాశన మదనపల్లెలో. దానికి రెండు రోజుల ముందే తులసమ్మ వచ్చి, దీపతో కలిసి పాపను రక్తపరీక్షకు తీసుకుపోయింది. యశోదమ్మ ఇంట్లో ఉండలేక వెనకాలే ఆటోలో వచ్చేసింది. సూది గుచ్చితే పాప బజారు వినబడేలా అరిచింది. కాగితం వచ్చేదాకా దీప గోడ వైపు తిరిగి నిలబడింది. కాగితం వచ్చాక తులసమ్మ చదివి, మళ్ళీ చదివి, దీప భుజం తట్టింది.

"రక్తం పదకొండున్నర. నీకన్నా ఎక్కువే దీపా, దీనికి."

దీప అక్కడే బెంచీ మీద కూర్చుని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. యశోదమ్మ కాగితాన్ని నమ్మకుండా పాప కింది రెప్ప లాగి తన కళ్ళతో చూసుకుంది.

ఇంటికొచ్చి చెప్తే గోపాలస్వామి ఆశ్చర్యపోలేదు. "భరణి బిడ్డ గదా. రక్తం ఉండకేమి?"

"అవునయ్యా. అంతా నీ వాచీ పున్నెం," అంది యశోదమ్మ, తులసమ్మ వైపు చూడకుండా. తులసమ్మ దగ్గు వచ్చినట్టు వంటింట్లోకి పోయింది.

అన్నప్రాశన నాడు శంకరప్ప జాతకం రాసి తీసుకొచ్చాడు. భోజనం చేసి, తాంబూలం వేసుకుని, కాగితం విప్పబోతూ నిట్టూర్చాడు.

"బాగానే ఉండాది. ఏలుతాది, ధరణి. కానీ గోపాలస్వామీ, ఏమి తొందరయ్యా నీకు?"

"ఏమయింది?"

"ఆ పొద్దు ఆడికృత్తిక అని నాకు సెప్తివా? బుగ్గన పసుపు పూసుకోని కావళ్ళు పోతాండంగా, కృత్తికలో బిడ్డ పుడితే అది సాక్షాత్తు సుబ్రహ్మణ్యస్వామి నక్షత్రం. కుప్పం అవతల అరవోళ్ళు దానికోసరం మొక్కుకుంటారు. నువ్వేమో భరణి దాటకముందే బొడ్డు కోయిస్తివి. ఇంగో మూడు నిమిషాలు ఆగింటే ధరణి ఏందయ్యా, ఆకాశం గూడా ఈ బిడ్డదే!"

గోపాలస్వామి ముఖంలో రక్తం దిగిపోయింది. ఆయన కింది రెప్ప లాగి చూసి ఉంటే లోపల సున్నపు గోడే కనబడేది.

"మూడు నిమిషాలా?" అన్నాడు.

"మూడే."

"నేనే తొందరపెట్టినా," అన్నాడు ఆయన ఎవరితోనూ కాకుండా. "అరిసినా గూడా, కొయ్యండి కొయ్యండి అని."

గుమ్మం దగ్గర యశోదమ్మ, తులసమ్మ ఒకరి చెయ్యి ఒకరు గిల్లుకున్నారు. నిజం చెప్తే ఆయనకిప్పుడు పండగే. కానీ నిజం చెప్పాలంటే ముందు అబద్ధం ఎవరు చెప్పారో చెప్పాలి. యశోదమ్మ నోరు తెరిచి, మూసింది. మళ్ళీ తెరిచింది.

అంతలో గోపాలస్వామి చెయ్యి పైకెత్తి వాచీని చూశాడు. చాలాసేపు చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"శంకరప్పా, ఒగ మాట. ఈ వాచీ... ఆ పొద్దు కొంచెం స్లోగా ఉండె."

హాల్లో ఆకులు ఎత్తుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు.

"నీ వాచీనా?" అంది యశోదమ్మ. "స్లోనా?"

"అవును. బస్సులో పోయినాము గదా, తెల్లారుజామున. రేడియోకు పెట్టుకోలేదు ఆ పొద్దు."

"ఎన్ని నిమిషాలు స్లో?" శంకరప్ప పెన్ను తీశాడు.

గోపాలస్వామి తల వంచుకుని, గొంతు తగ్గించి, మండీలో ఎవరికీ వినబడకూడదన్నట్టుగా చెప్పాడు. "నాలుగు."

"అయితే కోసింది పదకొండూ ఇరవై ఒగటికి."

"ఇరవై ఒగటికే," అన్నాడు గోపాలస్వామి గట్టిగా. "కరెక్టుగా ఇరవై ఒగటి. అట్లుంటాది గిట్లుంటాది ఏమీ లేదు. రాయి."

శంకరప్ప పదిహేడు కొట్టేసి ఇరవై ఒకటి రాశాడు.

యశోదమ్మ ఇక నిలబడలేకపోయింది. వంటింట్లోకి పోయి, బియ్యం డబ్బా మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. వెనకాలే వచ్చిన తులసమ్మ ఒళ్ళో పాప ఉంది. మూతికి పాయసం అంటుకుని ఉంది. యశోదమ్మ కళ్ళు తుడుచుకుని, అలవాటుకొద్దీ చెయ్యి చాచి, పాప కింది రెప్ప కొంచెం లాగింది.

"ఉండాది," అంది, తృప్తిగా.

హాల్లోంచి గోపాలస్వామి కేక వేశాడు. "యశోదా! టైమెంతయింది?"

ఆయన ఆ మాట అడగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.